మందు కొట్టే ముందు చేలో లెక్క చూడండి: ప్రకృతిలో జీవుల అంచెలు, మన శనగ, చీనీ పంటలు



శనగ పూతకొచ్చే రోజుల్లో నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఒకే మాటతో మొదలవుతాయి. "సార్, పచ్చపురుగు పడింది, ఏం మందు కొట్టాల?" అప్పుడు నేను రెండు ప్రశ్నలు అడుగుతాను. మీటరు సాలులో ఎన్ని పురుగులున్నాయి? వాటితో పాటు చేలో ఇంకా ఏమేమి తిరుగుతున్నాయి? మొదటిదానికి ఏదో ఒక జవాబు వస్తుంది. రెండోదానికి మాత్రం చాలామంది "చూడలేదు సార్" అంటారు. మందు అవసరమా కాదా అన్నది తేలాలంటే ఆ రెండో జవాబు కూడా కావాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను కూడా ఈ ప్రశ్న అడిగేవాణ్ణి కాదు. విత్తిన ఇన్ని రోజులకు ఒకటి, పూతలో ఒకటి, కాయలో ఒకటి అని తేదీల ప్రకారం మందులు రాసి ఇచ్చేవాణ్ణి. ఒక ఏడాది ఒక రైతు నేను రాసిచ్చినట్టే పొల్లు పోకుండా కొట్టాడు. మూడో మందు తర్వాత కూడా కాయల్లో పురుగు ఉంది. పక్క చేను రైతు డబ్బులు లేక ఒక్కసారే కొట్టాడు. ఇద్దరి దిగుబడిలో పెద్ద తేడా రాలేదు. తేడా అంతా అప్పులోనే వచ్చింది. మొదటి రైతు నన్ను ఒక్క మాటా అనలేదు, కానీ ఆ చేను నాకు ఇప్పటికీ గుర్తుంది. పురుగును చూశాను గానీ పురుగు చుట్టూ ఉన్న లోకాన్ని చూడలేదని తర్వాత అర్థమైంది. ఈ వ్యాసం ఆ లోకం గురించి.

జీవుల అంచెలు అంటే ఏమిటి?

ప్రకృతిలో జీవులు విడివిడిగా బతకవు. అవి ఒకదానిపై ఒకటిగా అంచెలలో అమరి ఉంటాయి. దీన్ని చదివే శాస్త్రాన్ని జీవావరణ శాస్త్రం అంటారు. మన చేను భాషలో ఆ అంచెలు ఇవి:

1. జీవి: ఒక శనగ మొక్క, ఒక పచ్చపురుగు, ఒక గోరువంక.
2. జనాభా: ఒక చోట ఉన్న ఒకే జాతి జీవులన్నీ. మీ చేలోని పచ్చపురుగులన్నీ కలిపి ఒక జనాభా.
3. సముదాయం: ఆ చోట ఉన్న అన్ని జాతుల జనాభాలు కలిపి. శనగ, కలుపు, పచ్చపురుగు, సాలీళ్ళు, పిట్టలు, నేలలోని సూక్ష్మజీవులు అన్నీ ఇందులోకి వస్తాయి.
4. ఆవరణ వ్యవస్థ: సముదాయంతో పాటు నేల, నీరు, ఎండ, గాలి. మీ చేను ఒక చిన్న ఆవరణ వ్యవస్థ.
5. ప్రాంతం: చేలు, వంకలు, చెరువులు, బీళ్ళు, చిట్టడవులు కలిసిన మన మెట్ట ప్రాంతం మొత్తం.
6. జీవగోళం: భూమి మీద జీవం ఉన్న చోటు అంతా.

ఒక అంచెలో మనం చేసిన పని ఫలితం ఆ అంచెలోనే ఆగిపోదు, పైదానికో కిందిదానికో పాకుతుంది. అందుకే పని చేసే ముందు అది ఏ అంచెలో చేస్తున్నామో తెలుసుకోవాలి.

మొదటి, రెండో అంచె: ఒక పురుగు, పురుగుల జనాభా

ఒక మొక్క మీద ఒక పచ్చపురుగు కనబడగానే గుండె దడదడలాడడం సహజమే. ఒక్క పురుగు పెద్దదయ్యేలోపు 30 నుంచి 40 కాయలు పాడు చేయగలదు. అయినా మందు కొట్టాలా వద్దా అన్నది జీవి అంచెలో తేల్చే విషయం కాదు. అది జనాభా అంచెలో తేల్చాలి. ఎకరంలో పది చోట్ల, ఒక్కో చోట మీటరు సాలు చూసి లెక్క రాసుకోండి. సగటున మీటరు సాలుకు ఒకటి రెండు పిల్లపురుగుల కంటే తక్కువ ఉంటే, అవి తినే పంట విలువ కంటే మందు, కూలి ఖర్చే ఎక్కువవుతుంది.

జనాభాకు మరో గుణం ఉంది. అందులో అన్ని జీవులూ ఒకేలా ఉండవు. ఒకే మందును పదే పదే కొడితే దానికి లొంగేవి చస్తాయి, తట్టుకునేవి మిగులుతాయి. ఒక్కో తల్లి పురుగు వందల గుడ్లు పెడుతుంది. ఎండ, చలిని బట్టి నెల, నెలన్నరలో ఒక తరం పూర్తవుతుంది. మిగిలినవాటి పిల్లలు కూడా మందును తట్టుకునేవే అవుతాయి. "మందులో పవర్ పోయింది" అని మనం అనుకునేది చాలాసార్లు ఇదే. మందు మారలేదు, జనాభా మారింది. కాబట్టి కొట్టక తప్పకపోతే, రెండోసారి వేరే రకంగా పనిచేసే మందును వాడాలి. డబ్బా మీద కంపెనీ పేరు మారినంత మాత్రాన మందు మారినట్టు కాదు. లోపలి మందు పేరు చదవండి, లేదా రైతు సేవా కేంద్రంలో చదివించుకోండి.

మూడో అంచె: సముదాయం, అంటే ఎవరు ఎవరిని తింటారు?

ఈ అంచెను మనం ఎక్కువగా మరిచిపోతాం. శనగ మొక్క ఎండ నుంచి ఆహారం తయారు చేసుకుంటుంది, అది ఉత్పత్తిదారు. పచ్చపురుగు దాన్ని తింటుంది. పచ్చపురుగును సాలీడు, పిట్ట, చిన్న కందిరీగలు తింటాయి. దీన్నే ఆహార గొలుసు అంటారు. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు వెళ్ళేసరికి సుమారు పదో వంతు శక్తి మాత్రమే చేరుతుంది. వెయ్యి కిలోల పచ్చ మీద వంద కిలోల పురుగు బతికితే, ఆ వంద కిలోల పురుగు మీద పది కిలోల మిత్రజీవులే బతకగలవు.

మందు కొట్టేవారికి ఈ లెక్క చాలా ముఖ్యం. చేలో మిత్రజీవులు ఎప్పుడూ శత్రువుల కంటే తక్కువే ఉంటాయి. అన్నిటినీ చంపే మందు కొడితే రెండు వైపులా చస్తాయి. తర్వాత ముందు కోలుకునేది పురుగే, ఎందుకంటే దానికి తిండిగా పంట అక్కడే ఉంది. మిత్రజీవులు తిరిగి పెరగాలంటే ముందు పురుగు పెరగాలి. ఆ మధ్యలో ఉన్న రోజుల్లో పురుగుకు కాపలా ఉండదు. రెండో మందు, మూడో మందు అవసరం పడేది అందుకే.

ఇది మన రాష్ట్రంలో పెద్ద ఎత్తున జరిగింది. 1980లలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిలో పైరిత్రాయిడ్ మందులు విపరీతంగా వాడారు. అంతకుముందు చిన్న పురుగుగా ఉన్న తెల్లదోమ ఉధృతమైంది. 1987-88 నాటికి చాలా కుటుంబాలు దెబ్బతిన్నాయి, రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఒక పురుగు మీద గెలిచామనుకుంటే ఇంకో పురుగు లేచింది.

చీనీ రైతులకు దగ్గరి ఉదాహరణ అమెరికాలోని కాలిఫోర్నియాది. అక్కడి నారింజ, నిమ్మ తోటలను 1880లలో దూది లాంటి తెల్లటి పిండినల్లి నాశనం చేస్తుంటే, ఆ పురుగు పుట్టినిల్లయిన ఆస్ట్రేలియా నుంచి 1888-89లో ఒక రకం అక్షింతల పురుగును తెచ్చి వదిలారు. ఒకటి రెండేళ్ళలో పిండినల్లి అదుపులోకి వచ్చింది. 1940లలో అదే తోటల్లో డీడీటీ కొట్టారు. అక్షింతల పురుగులు చచ్చాయి, పిండినల్లి మళ్ళీ లేచింది.

శనగ చేలో మన మిత్రులు ఎవరు?

శనగకు ఒక ప్రత్యేకత ఉంది. ఆకు పట్టుకుంటే చేతికి పులుపు అంటుతుంది కదా, ఆ పులుపు వల్ల గుడ్లను తినే ట్రైకోగ్రామా లాంటి అతి చిన్న కందిరీగలు ఈ పంటలో సరిగా నిలవలేవు. వేరే పంటల్లో పనిచేసిన ట్రైకోగ్రామా కార్డులు శనగలో అంతగా పనిచేయకపోవడానికి కారణం ఇదే. సముదాయంలో ఏ జీవి ఎక్కడ నిలుస్తుందో తెలియకుండా మిత్రపురుగులను కొన్నా డబ్బులు వృథానే.

శనగలో పనికొచ్చేవి ఇవి:

• కాంపొలెటిస్ అనే కందిరీగ. చిన్న పిల్లపురుగుల ఒంట్లో గుడ్డు పెడుతుంది. చచ్చిన పురుగు పక్కన ఆకు మీద చిన్న గూడు కనిపిస్తే అది దీని పనే. దాన్ని నలిపేయకండి.
• పిట్టలు. గోరువంకలు, తోక చీలిన నల్లటి ఏట్రింతలు, కొంగలు పెద్ద పురుగులను ఏరుకు తింటాయి. వాలడానికి చోటు ఉంటేనే వస్తాయి. ఎకరాకు 20 చోట్ల పంట కంటే ఎత్తుగా కొమ్మలు, పంగల కర్రలు నాటండి. ఖర్చు ఏమీ లేదు.
• ఎన్.పి.వి. వైరస్. ఇది పచ్చపురుగుకు వచ్చే జబ్బు. ఆ ఒక్క జనాభాను మాత్రమే కొడుతుంది, మిగతా సముదాయం జోలికి పోదు. పిల్లపురుగులు చిన్నగా ఉన్నప్పుడు ఎకరాకు 200 ఎల్.ఇ. సాయంత్రం పూట పిచికారీ చేయాలి. ఎండకు వైరస్ బలం తగ్గుతుంది కాబట్టి పగలు కొట్టకూడదు.

కాంపొలెటిస్ పెద్దదయ్యాక పువ్వుల తేనె తాగి బతుకుతుంది. శనగ పువ్వులో దానికి అందే తేనె తక్కువ. అందుకే ప్రతి 16 సాళ్ళ శనగకు 4 సాళ్ళు ధనియాలు వేయమని చెబుతాం. ధనియాల పూత దానికి తిండి, కొత్తిమీర, ధనియాలు మీకు రాబడి. చేను చుట్టూ నాలుగు సాళ్ళు జొన్న వేస్తే అది కంచెగా పనిచేస్తుంది, పిట్టలకూ వాలే చోటవుతుంది.

పురుగులు చిన్నగా, తక్కువగా ఉన్న దశలో 5 శాతం వేపగింజల కషాయం చాలు. 5 కిలోల వేపగింజల పప్పు పొడిని 10 లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టి, ఉదయం వడగట్టి, 100 గ్రాముల సబ్బు పొడి కలిపి, మొత్తం 100 లీటర్లు చేసి కొట్టాలి. ఎకరాకు 200 లీటర్ల ద్రావణం కావాలి కాబట్టి 10 కిలోల పొడి సిద్ధం చేసుకోండి. వేపకాయలు రాలే రోజుల్లో ఏరి, ఎండబెట్టి, నీడలో దాచుకుంటే ఇదీ ఖర్చు లేనిదే.

నాలుగో అంచె: నేలతో కలిపి చూడడం

ఆహార గొలుసు చివర్లో ఎవరూ మెచ్చుకోని జీవులు ఉంటాయి. వానపాములు, బూజులు, బాక్టీరియా. వీటిని విచ్ఛిన్నకారులు అంటారు. చచ్చినదాన్ని కుళ్ళబెట్టి మళ్ళీ మొక్కకు అందేలా చేస్తాయి. పంట వ్యర్థాలను తగలబెడితే వీటి తిండి పొగై పోతుంది.

శనగ మొక్కను పూతకు ముందు జాగ్రత్తగా తవ్వి వేళ్ళు చూడండి. వేళ్ళకు బుడిపెలు ఉంటాయి. ఒకటి గోటితో చీల్చితే లోపల గులాబీ రంగు కనబడితే రైజోబియం పని చేస్తున్నట్టు. గాలిలోని నత్రజనిని అది మొక్కకు ఇస్తోంది, దానికి బదులుగా మొక్క దానికి చక్కెర ఇస్తోంది. లోపల తెల్లగా ఉన్నా, బుడిపెలే లేకపోయినా వచ్చే ఏడు ఎకరా విత్తనానికి 200 గ్రాముల రైజోబియం పట్టించండి. విత్తనశుద్ధి మందు కూడా పట్టించేటట్లయితే ముందు మందు, అది ఆరాక చివరిలో రైజోబియం. రెండూ ఒకేసారి కలిపితే మందు రైజోబియాన్ని దెబ్బ తీస్తుంది.

ఎండు తెగులు, వేరుకుళ్ళు వచ్చే నేలల్లో ట్రైకోడెర్మా అనే మంచి బూజును పెంచుకోవచ్చు. 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీళ్ళు చల్లి, నీడలో గోనెసంచులు కప్పి వారం పది రోజులు ఉంచండి. పైన తెల్లటి, పచ్చటి బూజు కమ్ముకుంటుంది. దాన్ని ఎకరా నేలకు తేమ ఉన్నప్పుడు వేయాలి. పొడి నేలలో చల్లితే బతకదు.

పచ్చపురుగు కూడా నేలతో ముడిపడినదే. అది కోశస్థ దశలో మట్టిలో ఉంటుంది. అందుకే పంట తీశాక వేసవిలో లోతుగా దున్నమంటాం. కోశాలు పైకొచ్చి ఎండకు చస్తాయి, కొన్నిటిని కొంగలు తింటాయి.

చీనీ తోట అలా కాదు, అది ఏళ్ళ తరబడి కదలకుండా ఉండే ఆవరణ వ్యవస్థ. శనగలో పనికొచ్చే లోతు దుక్కి ఇక్కడ నష్టం చేస్తుంది. చీనీ ఆహారం తీసుకునే పీచు వేళ్ళు ఎక్కువగా పై పొరలోనే ఉంటాయి. ట్రాక్టరుతో పాదుల దగ్గర దున్నితే అవి తెగి, ఆ గాయాల గుండా తెగుళ్ళు లోపలికి పోతాయి. పాదుల్లో ఆకులు, వరిగడ్డి, శనగపొట్టు పరిస్తే నేల చల్లగా ఉంటుంది, తేమ నిలుస్తుంది. ఆ పరుపు కాండానికి తగలకుండా అడుగు దూరం వదలండి.

చీనీ చెట్టు మీద చీమల బారు కనబడితే ఆగి చూడండి. పిండినల్లి, పేనుబంక విసర్జించే తీపి జిగట కోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి, అక్షింతల పురుగులను దగ్గరకు రానివ్వవు. అక్కడ ముందు ఆపాల్సింది చీమల దారిని. నేలను తాకే కొమ్మలను కత్తిరించండి. చెట్ల నిండా పూత ఉన్నప్పుడు తేనెటీగలు తిరిగే వేళ మందు కొట్టకండి.

ఐదో అంచె: గట్టు దాటి చూడడం

తల్లి పురుగు మీ గట్టు దగ్గర ఆగదు. పక్క చేలో పత్తి, కంది, టమాటా ఉంటే అక్కడి నుంచి ఎగిరి వస్తుంది. లింగాకర్షక బుట్టలు ఎకరాకు నాలుగు పెట్టమనేది వాటి రాకను ముందుగా తెలుసుకోవడానికి. బుట్టలో పడే రెక్కల పురుగులు రోజురోజుకూ పెరుగుతుంటే వారం లోపే చేలో గుడ్లు, పిల్లపురుగులు చూస్తారని అర్థం. పక్క పక్క చేల రైతులు కలిసి బుట్టలు పెట్టి, కలిసి లెక్క చూసుకుంటే ఒక్కరు చేసినదానికంటే ఎక్కువ ఫలితం ఉంటుంది.

నీరు కూడా ఈ అంచెలోదే. మన పక్కన పారే చిత్రావతి గండికోట జలాశయం ప్రాంతంలో పెన్నలో కలుస్తుంది. పార్నపల్లె దగ్గరి చిత్రావతి జలాశయం నిండిన ఏడాది, ఎండిన ఏడాది మన తోటల పరిస్థితి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కరువు ఏళ్ళలో ట్యాంకర్లతో నీళ్ళు తోలి చీనీ చెట్లను బతికించుకున్నవారు మనలో ఉన్నారు. బోరు మీదే కానీ అది తోడేది ఊరందరి నేల కింది నీరు. ఒకరు లోతుకు పోతే పక్కవారి బోరు ఎండుతుంది. డ్రిప్పు, నీటి గుంటలు, వంకల్లో చెక్‌డ్యాములు ఊరంతా కలిసి చూసుకోవాల్సిన పనులు.

ఒక జీవిని కాపాడాలంటే దాని చోటును కాపాడాలని మన జిల్లాయే దేశానికి చూపించింది. కలివి కోడి అనే పిట్టను 1848లో శాస్త్రవేత్తలు గుర్తించారు. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అది అంతరించిందనుకున్నారు. 1986లో లంకమల ప్రాంతపు చిట్టడవుల్లో మళ్ళీ దొరికింది. దానికి దట్టమైన అడవి పనికిరాదు, పూర్తిగా చదును చేసిన నేలా పనికిరాదు. పొదలు, మధ్య మధ్యలో ఖాళీ నేల ఉన్న చిట్టడవే కావాలి. ఆ చోటు కోసం లంకమలలో అభయారణ్యం ఏర్పాటైంది, తెలుగుగంగ కాలువ దారిని కూడా మార్చారు.

మన చేల మధ్య మిగిలిన గట్లు, వంక ఒడ్డున ఉన్న తుమ్మ, రేగు, తంగేడు పొదలు కూడా ఇలాంటి చోట్లే. కందిరీగలు, అక్షింతల పురుగులు పంట లేని నెలల్లో అక్కడే తలదాచుకుంటాయి. ఎలుకలను తినే గుడ్లగూబ, జెర్రిపోతు, ముంగిస కూడా అక్కడే ఉంటాయి. గట్టు మీద ప్రతి పొదనూ నరికి, తగలబెట్టి "శుభ్రం" చేశాక ఎలుకల మందుకు డబ్బులు వెతుక్కోవాల్సి వస్తుంది. కలుపు జాతులను, వయ్యారిభామను పీకేయండి. మిగతావాటిని గట్టుకు ఒక వైపైనా ఉంచండి.

ఆరో అంచె మన చేతిలో లేనిది

ఎక్కడో పసిఫిక్ మహాసముద్రం నీళ్ళు వేడెక్కే ఎల్ నినో ఏళ్ళలో మన దగ్గర నైరుతి వానలు దెబ్బతినే అవకాశం ఎక్కువ. దాన్ని మనం ఆపలేం. కానీ వాతావరణ శాఖ ముందస్తు అంచనా విని, ఆ ఏడాది నీళ్ళు ఎక్కువ కావాల్సిన పంట తగ్గించుకోగలం. మన చేతిలో లేనిదాన్ని ముందుగా తెలుసుకుని తట్టుకోవాలి, చేతిలో ఉన్న అంచెలను దిద్దుకోవాలి.

ఈ సీజనులో చేయాల్సిన పని

పూత నుంచి కాయ ముదిరే దాకా వారానికి రెండుసార్లు, ఉదయం పూట అరగంట చేలో తిరగండి. ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. పది చోట్ల చూసి ఇవి రాయండి:

• మీటరు సాలుకు పిల్లపురుగులు ఎన్ని? చిన్నవా, పెద్దవా?
• సాలీళ్ళు, అక్షింతల పురుగులు, కందిరీగ గూళ్ళు, జబ్బుతో తలకిందులుగా వేలాడే పురుగులు ఎన్ని?
• కర్రల మీద పిట్టలు వాలుతున్నాయా?
• బుట్టల్లో తల్లి పురుగులు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా?

పురుగులు తక్కువగా ఉండి, మిత్రజీవులు కనబడుతుంటే మందు ఆపి మూడు రోజుల తర్వాత మళ్ళీ చూడండి. పురుగులు చిన్నవిగా ఉండి పెరుగుతుంటే వేప కషాయం లేదా ఎన్.పి.వి. కొట్టండి. మీటరు సాలుకు రెండు దాటి, మిత్రజీవులు కనబడకపోతే, పురుగులు కాయల్లో దూరకముందే, శనగకు సిఫారసు చేసిన మందును ఒక్కటే, లేబుల్ మీద ఉన్న మోతాదులో కొట్టండి. రెండు మూడు మందులు కలిపి కొట్టకండి. ముఖానికి గుడ్డ, చేతులకు తొడుగులు లేకుండా, గాలికి ఎదురుగా నిలబడి కొట్టకండి. మందు కొట్టేవాడు కూడా ఆ చేలోని ఒక జీవే.

ఒక సీజను ఈ పుస్తకం రాస్తే, వచ్చే ఏడు మీకు నా కంటే మీ చేను బాగా తెలుస్తుంది. అనుమానం ఉన్నప్పుడు ఆ పుస్తకం, నాలుగు పురుగులు ఒక సీసాలో వేసుకుని రైతు సేవా కేంద్రానికి రండి. "ఏం మందు కొట్టాల?" అన్న ప్రశ్నకు అప్పుడు మనం ఇద్దరం కలిసి సరైన జవాబు చూసుకోవచ్చు. చాలాసార్లు ఆ జవాబు "ఇంకో మూడు రోజులు ఆగుదాం" అనే అవుతుంది.